గడ్డ ఎక్కడుందో వెలుగే చూపిస్తే: ఊపిరితిత్తి కీహోల్ సర్జరీలో ఫ్లోరోసెన్స్ ఇమేజింగ్, మొదటి నుంచి చివరిదాకా

ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసే రోజుల్లో ఊపిరితిత్తి సర్జన్‌కి కళ్లకంటే వేళ్లే ఎక్కువ పనిచేసేవి. గాలి తీసేసిన ఊపిరితిత్తిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా తడుముతూ పోతే, స్పాంజిలో దాగిన శనగగింజలా గడ్డ చేతికి తగిలేది. ఇప్పుడు చాలా ఆపరేషన్లు పక్కటెముకల మధ్య చిన్న చిన్న రంధ్రాల్లోంచి, కెమెరాతోనో రోబోతోనో చేస్తున్నాం. పేషెంటుకి నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా వెళ్తారు. కానీ సర్జన్ వేళ్లు మాత్రం బయటే ఉండిపోయాయి. సీటీ స్కాన్‌లో స్పష్టంగా కనిపించిన 8 మిల్లీమీటర్ల మచ్చ కోసం లోపల కెమెరా పెట్టి వెతికితే, పై పొర నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ పది నిమిషాల టెన్షన్ ఎలాంటిదో థియేటర్లో నిలబడ్డవాళ్లకే తెలుసు.

ఆ పోయిన స్పర్శకి బదులుగా వచ్చిందే ఈ వెలుగు: ముందే ఒక రంగుమందు ఎక్కించి, గడ్డ వెలుగుతుంటే ప్రత్యేక కెమెరాతో చూడటం. నేను అమెరికాలో ఛాతీ సర్జరీ చేస్తాను. మా దగ్గర కొత్తగా చేరే తెలుగు రెసిడెంట్లకీ (శిక్షణలో ఉన్న డాక్టర్లకీ), థియేటర్ నర్సులకీ మొదటి వారంలో నోటితో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న పేషెంట్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ చదివినా అర్థమయ్యేలా రాశాను. మందుతో పాటు వచ్చే సూచనల పత్రానికీ, కెమెరా కంపెనీ ఇచ్చే ట్రైనింగ్‌కీ ఇది బదులు కాదు. అవి అయ్యాక, పక్కన నిలబడి చెప్పాల్సిన మాటలు ఇవి.

ముందు సంగతి అర్థం చేసుకోండి

రాత్రి చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. తెల్లటి కాంతిలోని నీలాన్నీ ఆకుపచ్చనీ రక్తం మింగేస్తుంది, ఎరుపు మాత్రం దాటి వస్తుంది. ఎరుపుకి ఇంకా అవతల, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, ఒంట్లోని నీరు రెండూ తక్కువగా పీల్చుకుంటాయి. మన కంటికి అది కనపడదు, ప్రత్యేక కెమెరాకి కనపడుతుంది. ఈ కాంతి పరిధిలో వెలిగే రంగుని గడ్డ దాకా చేరవేయగలిగితే, కణజాలం లోపలున్నదాన్ని కూడా కొంత లోతు వరకు చూడొచ్చు.

చేరవేయడం ఎలా? ఇక్కడే మన మనిషి ఒకరు కథలోకి వస్తారు. ఫోలిక్ యాసిడ్ పేరు లాటిన్‌లో ఆకుకి ఉన్న పేరు నుంచి వచ్చింది. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. 1940ల మధ్యలో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన, లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందాన్ని నడిపించింది, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే మందుల్ని కూడా ఆ బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఇచ్చి చూశాడు. కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. మందుతో క్యాన్సర్‌ని లొంగదీయొచ్చని తెలిసిన తొలి రోజులవి.

వేగంగా పెరిగే కణానికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్) ఆకలి ఎక్కువ. ఊపిరితిత్తి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా రకం గడ్డల్లో చాలావాటి పైపొర మీద ఫోలేట్‌ని పట్టుకునే రిసెప్టర్లు మామూలు ఊపిరితిత్తి కణాల మీద కంటే బాగా ఎక్కువగా ఉంటాయి. ఈ ఆకలినే ఎరగా వాడుకోవచ్చని ఇండియానాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేశారు. ఫోలేట్‌లాంటి అణువుకి వెలిగే రంగుని తగిలించి చేసిన మందు పాఫోలాసియానిన్, వాడుకలో సైటాలక్స్. దీన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్ ఆపరేషన్లకీ, 2022 డిసెంబరులో ఊపిరితిత్తి ఆపరేషన్లకీ అనుమతించింది. 776 నానోమీటర్ల దగ్గరి కాంతి దీని మీద పడితే, 796 దగ్గర తిరిగి వెలుగుతుంది. నేను వాడేది ఇదే కాబట్టి, కింద చెప్పేదంతా దీని గురించే. చాలా చోట్ల దొరికే ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అనే ఇంకో వెలిగే రంగు సంగతి మధ్యలో వస్తుంది.

మొదటి అడుగు: స్కాన్‌తో కూర్చోండి

ఆపరేషన్ ముందురోజు సీటీ బొమ్మల్ని రిపోర్టులో కాదు, స్క్రీన్ మీద మీరే చూడండి. కొలవాల్సింది గడ్డ సైజు ఒక్కటే కాదు, ఊపిరితిత్తి పై పొర నుంచి అది ఎంత లోతులో ఉందో కూడా. పైనుంచి సెంటీమీటరు లోపు ఉంటే వెలుగు బాగా అందుతుంది. అక్కడి నుంచి మసకబారుతూ పోతుంది. రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డ కోసం వెలుగుని మాత్రమే నమ్ముకుని థియేటర్లోకి వెళ్లకండి.

లోతుని ఒక్క దిక్కు నుంచే కొలిచి ఊరుకోవద్దు. ముందు నుంచి చూస్తే మూడు సెంటీమీటర్ల లోతున్న గడ్డ, రెండు లోబ్‌ల (ఊపిరితిత్తిలోని పెద్ద భాగాల) మధ్య చీలిక వైపు నుంచి చూస్తే అర సెంటీమీటరులోనే ఉండొచ్చు. ఆ చీలిక విప్పి కెమెరా అటు తిప్పితే చాలు. ఇది ముందురోజే తెలిసి ఉంటే పోర్టులు (కెమెరా, పరికరాలు వెళ్లే రంధ్రాలు) ఎక్కడ పెట్టాలో కూడా మారుతుంది.

తర్వాత గడ్డ రకం. అడినోకార్సినోమా అయితే ఆశ ఎక్కువ. స్క్వామస్ అనే ఇంకో రకం క్యాన్సర్‌లో ఈ రిసెప్టర్లు తక్కువ, వెలుగు నీరసంగా ఉండొచ్చు. ఇంకో అవయవం నుంచి పాకిన గడ్డ అయితే, అసలు క్యాన్సర్ ఎక్కడిదన్న దాన్నిబట్టి ఉంటుంది. బయాప్సీ అయి ఉంటే ఆ రిపోర్టు చేతిలో పెట్టుకోండి.

ఇంకొక దారి సిద్ధంగా పెట్టుకోవడం కూడా ఈ అడుగులో భాగమే. సీటీ చూస్తూ సన్నటి తీగ పెట్టించడమా, బ్రాంకోస్కోపు (శ్వాసనాళంలోకి పంపే కెమెరా గొట్టం) ద్వారా రంగు మచ్చ వేయించడమా, అవసరమైతే కోత కాస్త పెద్దది చేసి వేలు పెట్టడమా అన్నది ముందే నిర్ణయించి, పేషెంటుకి చెప్పి, సంతకం తీసుకోండి. వెలుగు రాలేదని ఆపరేషన్ మధ్యలో ఆలోచన మొదలుపెట్టే పరిస్థితి రాకూడదు.

రెండో అడుగు: మాత్రల పెట్టె తెరిచి చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క పేజీయే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మందు ఎక్కించడానికి ముందు 48 గంటలపాటు ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర ఏదీ పడకూడదు. కారణం తేలిక. గడ్డ మీదున్న రిసెప్టర్లలో ఆ మాత్ర ముందే వెళ్లి కూర్చుంటే, మన వెలిగే అణువుకి చోటు మిగలదు.

మొదట్లో ఒక కేసులో వెలుగు చాలా నీరసంగా వచ్చింది. కెమెరాని తిట్టుకున్నాం, కేబుల్ మార్చాం. పేషెంటు ఆ రోజు పొద్దున కూడా మల్టీవిటమిన్ వేసుకున్నాడని సాయంత్రం తెలిసింది. మందుల జాబితాలో అది లేదు, ఎందుకంటే మేము అడిగింది 'మందులు ఏమైనా వాడుతున్నారా' అని. విటమిన్ మాత్రని మందుగా ఎవరూ లెక్కపెట్టరు. అదే కారణమని రుజువు చేయలేను కానీ, ఆ రోజు నుంచి అడిగే తీరు మార్చుకున్నాను.

కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దావిడతో జరిగిన మాటలు ఇలా ఉన్నాయి.

"అమ్మా, రోజూ ఏమేం వేసుకుంటారు?"

"బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి. అంతే బాబూ."

"కీళ్లనొప్పులకి ఏమీ లేదా?"

"అది వారానికోసారే కదా, రోజూ కాదు."

"దాంతోపాటు ఇంకేమైనా ఇచ్చారా?"

"చిన్న పసుప్పచ్చ బిళ్ల ఇచ్చారు. అది మందు కాదులే, బలానికి."

వారానికోసారి వేసుకునేది మెథోట్రెక్సేట్. ఆ పసుప్పచ్చ బిళ్ల ఫోలిక్ యాసిడ్. అంతకుముందు రోజు రాత్రే వేసుకున్నారు. ఆపరేషన్ రెండు రోజులు వాయిదా వేశాం. వాళ్లబ్బాయి సెలవు వృథా అయింది, కోపం వచ్చింది, న్యాయమే. కానీ ఆ రెండు రోజులు ఎందుకు అవసరమో ఆవిడ కథ చివర్లో తెలుస్తుంది.

కాబట్టి అడగాల్సిన పద్ధతి ఇది: మాత్రల పెట్టె, సంచీ, చేతిసంచీలో ఉండే స్ట్రిప్పులతో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టించండి. రక్తహీనతకి వాడే ఐరన్ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. మల్టీవిటమిన్లు, బి-కాంప్లెక్సులు, పాలల్లో కలుపుకునే ప్రోటీన్ పొడులు, ఎనర్జీ డ్రింకులు అన్నిటి లేబుళ్లూ చదవండి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఫోలిక్ యాసిడ్‌ని తమంతట తాము ఆపకూడదు, ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడాకే ఆపాలి. పాలకూర, గోంగూర మానెయ్యాలా అని అడిగేవాళ్లు ఎక్కువ. నియమం చెప్పేది మాత్రల గురించీ, సప్లిమెంట్ల గురించీ. భోజనం విషయంలో మీ ఆసుపత్రివాళ్లు విడిగా ఏమైనా చెబితే అది పాటించండి.

గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలకి గర్భం ఉందేమో పరీక్ష చేయకుండా ఈ మందు ఇవ్వరు. బిడ్డకి హాని జరగొచ్చు.

మూడో అడుగు: మందు కలపడం

సీసా ఫ్రీజర్‌లో, మైనస్ 25 నుంచి మైనస్ 15 డిగ్రీల మధ్య ఉంటుంది. దాని పెట్టెలోనే ఉంచి, వెలుతురు తగలకుండా, గది ఉష్ణోగ్రతలో కనీసం గంటన్నర కరగనివ్వాలి. తొందరపడి వేడినీళ్లలో పెట్టడం, అరచేతుల మధ్య రుద్దడం వద్దు. ఈ గంటన్నరని లెక్కలో వేసుకోకపోవడం వల్లే పొద్దున మొదటి కేసు ఆలస్యమవుతుంది.

మోతాదు కిలోకి 0.025 మిల్లీగ్రాములు. 62 కిలోల మనిషికి 62ని 0.025తో గుణిస్తే 1.55 మిల్లీగ్రాములు. సీసాలో మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి తీయాల్సింది 0.78 మిల్లీలీటరు. చూశారుగా, ఒక మిల్లీలీటరు కూడా లేదు. చిన్న సిరంజి వాడండి, లెక్క ఇద్దరు విడివిడిగా వేసి సరిచూసుకోండి. దశాంశ బిందువు ఒక్కటి జరిగితే పది రెట్లు తేడా.

దాన్ని 250 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపాలి. ఇక్కడ మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మనం ఏ బాటిల్ వేలాడదీసినా 'సెలైన్ ఎక్కిస్తున్నారు' అంటాం. అలవాటులో పడి "సెలైన్‌లో కలుపు" అని పక్కవాళ్లతో అనేస్తాం. ఈ మందుని ఉప్పు సెలైన్‌లో కలపకూడదు, డెక్స్‌ట్రోజ్‌లో మాత్రమే. నోటితో చెప్పేటప్పుడు కూడా 'డీ ఫైవ్' అనే అనండి.

నాలుగో అడుగు: ఎక్కించడం

నరం ద్వారా 60 నిమిషాలపాటు నిదానంగా. ఊపిరితిత్తి ఆపరేషన్‌కి ఒక గంట ముందు నుంచి 24 గంటల ముందు వరకు ఎప్పుడైనా ఇవ్వొచ్చు. అండాశయానికైతే ఈ గడువు 9 గంటలే, రెండిటినీ కలపకండి. నేనైతే పొద్దున్నే ఉండే కేసుకి ముందురోజు మధ్యాహ్నమే ఎక్కించడానికి ఇష్టపడతాను. ఏదైనా రియాక్షన్ వస్తే చూసుకోవడానికి టైం ఉంటుంది.

ఎక్కువగా కనిపించేవి వికారం, వాంతి, కడుపునొప్పి, ముఖం ఎర్రబడి వేడెక్కడం, దురద, ఛాతీలో ఇబ్బంది. నర్సు పక్కనే ఉండాలి. వికారానికీ అలర్జీకీ ముందుగానే మందులు ఇవ్వొచ్చు. ఇబ్బంది మొదలైతే డ్రిప్ ఆపి, డాక్టర్ని పిలిచి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది నిర్ణయించాలి. పేషెంటుకి ముందే చెప్పి ఉంచండి: "కడుపులో తిప్పినా, ఒళ్లు వేడెక్కినా వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు." మన పెద్దవాళ్లు ఓర్చుకోవడమే మర్యాద అనుకుంటారు.

ఐదో అడుగు: థియేటర్ సిద్ధం చేయడం

మీ కెమెరా ఈ మందుకి సరిపోతుందా అన్నది ఆపరేషన్ రోజు తెలుసుకునే విషయం కాదు. ఐసీజీ కోసం తయారైన కెమెరాలు సుమారు 805 నానోమీటర్ల కాంతి వేసి, 830 దగ్గర వచ్చే వెలుగుని పట్టుకునేలా ఉంటాయి. పాఫోలాసియానిన్ దానికి దగ్గరే కానీ అదే కాదు. ఐసీజీ బాగా చూపించే కెమెరా దీన్ని బాగా చూపిస్తుందన్న హామీ లేదు. ఈ మందుతో వాడటానికి అనుమతి ఉన్న పరికరమేనా అన్నది రాతపూర్వకంగా చూసుకోండి.

అనస్థీషియా డాక్టరుతో ముందే మాట్లాడుకోవాల్సింది ఊపిరితిత్తిలోంచి గాలి తీసే సంగతి. రెండు గొట్టాల ట్యూబుతో ఆపరేషన్ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపితే అది ముడుచుకుంటుంది. ముడుచుకుంటే గడ్డకీ పై పొరకీ మధ్య దూరం తగ్గుతుంది. సగం గాలితో ఉన్న ఊపిరితిత్తిలో దొరకని వెలుగు, పది నిమిషాలు ఆగి పూర్తిగా ముడుచుకున్నాక దొరికిన సందర్భాలు చాలా చూశాను. ఓపికపట్టడం కూడా ఇక్కడ ఒక టెక్నిక్కే.

లెన్సు మీద ఆవిరి పట్టకుండా వేడినీళ్ల ఫ్లాస్కు దగ్గర పెట్టుకోండి. తెల్లకాంతిలో మసక వెంటనే తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో మసక లెన్సు వల్ల వచ్చిన చీకటినీ, గడ్డ లేని చీకటినీ వేరుగా గుర్తుపట్టలేం.

ఆరో అడుగు: ముందు మామూలు వెలుతురులో

లోపలికి వెళ్లగానే బటన్ నొక్కి రంగులు చూడాలని అందరికీ ఉంటుంది. నొక్కకండి. ముందు తెల్లకాంతిలోనే ఛాతీ అంతా చూడండి: పై పొర, ఛాతీ గోడ, డయాఫ్రం, గుండె చుట్టూ ఉన్న పొర, చీలికలు. ఎక్కడైనా గుంత పడిందా, ముడత ఉందా, నీరుందా. పరికరం మొనతో మెల్లగా తాకి గట్టిదనం తెలుస్తుందేమో చూడండి. 'తెల్లకాంతిలో గడ్డ దొరికింది' లేదా 'దొరకలేదు' అని గట్టిగా చెప్పండి, నర్సు రాసుకోవాలి. వెలుగు చూశాక కన్ను మోసపోతుంది. 'నాకు ముందే తెలుసు' అని మనసు చెప్పేస్తుంది.

ఏడో అడుగు: వెలుగు

ఇప్పుడు మోడ్ మార్చండి. కెమెరా మొనని కణజాలానికి దగ్గరగా, వీలైనంత నిటారుగా పట్టుకోండి. దూరం పెరిగేకొద్దీ వెలుగు వేగంగా తగ్గిపోతుంది, పక్కవాటంగా చూస్తే ఇంకా తగ్గుతుంది. స్కాన్‌లో గడ్డ ఉన్న లోబ్‌తో మొదలుపెట్టి, ఒక వరుసలో, దుక్కి దున్నినట్టు చాలు పక్కన చాలుగా ఊపిరితిత్తి మొత్తం తిప్పి చూడండి. వెనక భాగాన్ని, అడుగు భాగాన్ని వదిలేయడం అందరూ చేసే తప్పు. స్కాన్‌లో కనపడని రెండో గడ్డ దొరికితే ఇలాంటి చోటే దొరుకుతుంది.

ఏమీ కనపడకపోతే ఈ వరుసలో వెళ్లండి. లెన్సు తుడవండి. పై పొర మీద రక్తం ఉంటే కడిగి ఆరబెట్టండి, పల్చటి రక్తపు పొర కూడా వెలుగుని తగ్గిస్తుంది. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుందా అడగండి. పరికరంతో కణజాలాన్ని మెల్లగా అదిమి కెమెరా దగ్గరికి తెండి. ఇంకో పోర్టులోంచి కెమెరా పెట్టి ఇంకో కోణంలో చూడండి. చీలిక విప్పి అటు నుంచి చూడండి. అప్పటికీ లేకపోతే మొదటి అడుగులో సిద్ధం చేసుకున్న రెండో దారిలో వెళ్లండి. వెలుగు రాలేదంటే గడ్డ లేదని అర్థం కాదు. ఈ వాక్యాన్ని మా రెసిడెంట్ల చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తాను.

వెలుగు వచ్చినా వెంటనే నమ్మకండి. మెరిసే ప్రతిదీ క్యాన్సర్ కాదు. తడి పై పొర మీదా, ఊపిరితిత్తిని కోస్తూనే పిన్నులతో మూసే స్టేప్లర్ లోహం మీదా కాంతి పడి తిరిగి కొట్టే మెరుపు ఉంటుంది. కెమెరా కోణం కాస్త మారిస్తే అది జరిగిపోతుంది, అసలు వెలుగు ఉన్నచోటే ఉంటుంది. అంతకంటే కష్టమైనది వాపు. వాపులో ముందుండి పోరాడే మాక్రోఫేజ్ కణాల మీద కూడా ఒక రకం ఫోలేట్ రిసెప్టర్ ఉంటుంది. అందుకే గ్రాన్యులోమాలు (టీబీలాంటి జబ్బుల్లో ఈ కణాలు గుమిగూడి కట్టే ముద్దలు), కొన్ని లింఫ్ గ్రంథులు క్యాన్సర్ లేకపోయినా వెలుగుతాయి. ప్రపంచంలో టీబీ కేసులు అందరికంటే ఎక్కువున్న దేశం నుంచి వచ్చినవాళ్లం మనం. మన పేషెంట్ల విషయంలో ఈ సంగతి ఇంకా గట్టిగా గుర్తుండాలి. వెలిగిందన్న ఒక్క కారణంతో లోబ్ తీసేయకండి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కి (ముక్కని గడ్డకట్టించి, ఆపరేషన్ మధ్యలోనే మైక్రోస్కోపులో చూసే పరీక్షకి) పంపండి, పాథాలజిస్టు చెప్పేదాకా ఆగండి.

ఎనిమిదో అడుగు: ఐసీజీ కూడా వాడాల్సి వస్తే

లోబ్ మొత్తం కాకుండా అందులో ఒక సెగ్మెంటే (చిన్న భాగమే) తీయడం ఇప్పుడు పెరిగింది. దానికి బలమైన ఆధారం ఉంది. జపాన్‌లో 1,106 మందితో జరిగిన జేసీఓజీ 0802 పరిశోధన 2022లో వచ్చింది. 2 సెంటీమీటర్ల లోపు చిన్న గడ్డలకి సెగ్మెంట్ తీసినవాళ్లలో ఐదేళ్లకి 94.3 శాతం, లోబ్ తీసినవాళ్లలో 91.1 శాతం బతికి ఉన్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి వచ్చిన పరిశోధన కూడా చిన్న గడ్డలకి తక్కువ తీసినా లోబ్ తీసినదానికి తీసిపోదని చూపింది.

కానీ సెగ్మెంటుకి పైకి కనిపించే సరిహద్దు ఉండదు. ఆ సెగ్మెంటుకి వెళ్లే రక్తనాళాన్ని మూసేసి, నరంలోకి ఐసీజీ ఇస్తే, అర నిమిషం లోపే మిగతా ఊపిరితిత్తి అంతా వెలుగుతుంది, ఆ సెగ్మెంట్ ఒక్కటీ చీకటిగా మిగులుతుంది. ఆ అంచు పొడవునా వెంటనే కాటరీతో (కరెంటుతో కాల్చే పరికరంతో) గుర్తులు పెట్టుకోవాలి, కాసేపట్లో చెరిగిపోతుంది. ఐసీజీతో చీకటిని వెతుకుతాం, పాఫోలాసియానిన్‌తో వెలుగుని వెతుకుతాం.

రెండూ ఒకే ఆపరేషన్‌లో వాడితే క్రమం ముఖ్యం. పాఫోలాసియానిన్ వెతుకులాట అంతా ముగిసి, వీడియో తీసుకున్నాకే ఐసీజీ ఇవ్వండి. రెండిటి వెలుగూ దగ్గర దగ్గర పరిధిలోదే. ఐసీజీ ఎక్కాక ఊపిరితిత్తి అంతా దీపావళిలా ఉంటుంది, గడ్డ వెలుగుని అందులో వేరుచేయలేరు. ఐసీజీలో అయోడిన్ ఉంటుంది కాబట్టి ఆ అలర్జీ ఉందేమో ముందే అడగండి. మన పెద్ద ఆసుపత్రుల్లో ల్యాపరోస్కోపీ, రోబో సర్జరీ చేసేవాళ్లకి ఐసీజీ బాగా అలవాటే. అది రక్తం ఎక్కడ పారుతుందో చూపిస్తుంది, క్యాన్సర్‌ని వెతికి పట్టుకోదు. ఈ తేడా పేషెంటుకి కూడా చెప్పండి.

తొమ్మిదో అడుగు: కోసిన అంచు

నా దృష్టిలో ఈ వెలుగు అసలు విలువ ఇక్కడుంది. గడ్డ దొరకడానికి వేరే దారులున్నాయి. గడ్డకి ఎంత దగ్గరగా కోశామన్నది ఆపరేషన్ బల్ల దగ్గరే తెలియడానికి మంచి దారి ఇంతకుముందు లేదు. గడ్డ చుట్టూ 2 సెంటీమీటర్లు గానీ, కనీసం గడ్డ వెడల్పంత గానీ మంచి కణజాలం రావాలన్నది మేం పెట్టుకునే గురి.

స్టేప్లర్ బిగించేముందు, దవడలు మూసిన స్థితిలో ఒకసారి వెలుగులో చూడండి. వెలిగే చోటు దవడకి ఆనుకుని ఉంటే తెరిచి జరిపి మళ్లీ పెట్టండి. ఇందుకు అయ్యే ఖర్చు అర నిమిషం. కోశాక ముక్కని సంచిలో వేసి బయటికి తీసి, పక్క బల్ల మీద, గది లైట్లు ఆర్పి, అన్ని వైపులా తిప్పి చూడండి. అంచువైపు నుంచి చూసినప్పుడు వెలుగు దూసుకొస్తున్నట్టు ఉంటే మార్జిన్ (గడ్డకీ కోసిన అంచుకీ మధ్య దూరం) తక్కువన్న అనుమానం. లోపల మిగిలిన స్టేపుల్ గీతని కూడా కెమెరాతో చూడండి. అనుమానమున్న అంచుకి దారం కుట్టి గుర్తుపెట్టి, 'ఇక్కడ చూడండి' అని పాథాలజిస్టుకి ఫోన్‌లో చెప్పండి. కాగితం మీద రాసి పంపితే చాలదు.

ఈ మందు మీద 12 ఆసుపత్రుల్లో జరిగిన మూడో దశ పరిశోధన పేరు ఎల్యూసిడేట్. వెలుగులో చూసిన 100 మందిలో 53 మందికి అది ఏదో ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టింది. 19 మందిలో మామూలుగా దొరకని అసలు గడ్డ దొరికింది, 8 మందిలో ఇంకో గడ్డ బయటపడింది. 38 మందిలో 10 మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో ఉన్న మార్జిన్ తెలిసింది. అంకెల్లో అన్నిటికంటే పెద్దది మార్జిన్‌దే, గమనించండి. అయితే దీనివల్ల ఎక్కువకాలం బతుకుతారా అన్నదానికి ఈ పరిశోధన జవాబు చెప్పదు, అందుకోసం చేసింది కాదు. పేషెంటు అడిగితే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి.

పదో అడుగు: రాసిపెట్టడం

ఆపరేషన్ నోట్‌లో ఇవి ఉండాలి: మందు ఎన్ని గంటలకి మొదలై ఎన్ని గంటలకి పూర్తయింది, చివరి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎప్పుడు, తెల్లకాంతిలో ఏం కనపడింది, వెలుగులో ఏం కనపడింది, ఏ నిర్ణయం మారింది. పాథాలజీ రిపోర్టు వచ్చాక వెలిగిన ప్రతి చోటుకీ ఎదురుగా దాని ఫలితం రాయండి. వెలగకుండా మిగిలిన గడ్డల్ని కూడా. ఇరవై ముప్పై కేసుల జాబితా చేతికొస్తే, మీ కెమెరా ఎంత లోతు వరకు నమ్మదగిందో, ఏ రకం గడ్డల్లో మోసం చేస్తుందో మీకే తెలుస్తుంది.

ఆ పెద్దావిడకి రెండు రోజుల తర్వాత ఆపరేషన్ చేశాం. స్కాన్‌లో ఉన్న గడ్డ తెల్లకాంతిలో కనపడలేదు, వెలుగులో మొదటి నిమిషంలోనే కనపడింది. ఊపిరితిత్తి అడుగు వైపు, డయాఫ్రంకి ఆనుకునే చోట, ఇంకొకటి కూడా వెలిగింది. స్క్రీన్ మీద రెండూ ఒకేలా, అంతే కాంతితో ఉన్నాయి. రెండు గడ్డలూ క్యాన్సర్ అయితే జబ్బు దశ మారుతుంది, ఆపరేషన్ మారుతుంది, తర్వాత ఇచ్చే మందులూ మారతాయి. అడుగున ఉన్నదాన్ని చిన్న ముక్కగా తీసి ఫ్రోజెన్‌కి పంపి, చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇరవై నిమిషాలకి ఫోన్ వచ్చింది: గ్రాన్యులోమా, క్యాన్సర్ కణాలు లేవు. మొదటిదాన్ని అనుకున్నట్టే సెగ్మెంటుతో తీశాం. రెండోదాని ముక్కని టీబీ కల్చర్‌కి పంపాం.

బయటికి రాగానే వాళ్లబ్బాయి ఎదురొచ్చాడు. "డాక్టరుగారూ, రెండు కనపడ్డాయని లోపల అనుకున్నారట. నిజమేనా?"

"రెండు వెలిగాయి," అన్నాను. "క్యాన్సర్ ఒకటే."